మెంతివలస సమితిలో దురదకు కారణాలు

మెంతివలస పంచాయతీ సమితి పరిధిలో ఫిరాయింపు అనే రోగాన్ని సమూలంగా నిర్మూలించినట్టు సమితి ప్రెసిడెంటు శ్రీ పొట్నూరు నరసింగరావుగారు బహిరంగ సభలో ప్రకటించారు. మశూచిని నిర్మూలించినట్టు కిందటేడు ప్రకటించింది కూడా ఆయనే కాబట్టి నిర్మూలించడంలో ఆయనకు మంచి అనుభవం ఉంది.

"ఉత్తరాదిన సూడండి," అన్నారాయన మైకు రెండు చేతులా పట్టుకుని. "పొద్దుట టిఫినుకి ఒక పార్టీ, రాత్రి బోయినానికి ఇంకో పార్టీ. మన సమితిలో ఆ పప్పులు ఉడకవు. నా సబ్యులు ఎక్కడికెల్లినా తిరిగి నా ఇంటికే వస్తారు. అలాగ ఏర్పాటు సేసినాను."

జనం చప్పట్లు కొట్టారు. ఆ ఏర్పాటేమిటో ఆయన సభలో చెప్పలేదు. నాకు తెలుసు. నేను మెంతివలస విలేఖరిని. పత్రికవారు నాకు జీతం ఇవ్వరు, రోజూ ఒక కాపీ ఉచితంగా ఇస్తారు. ప్రెసిడెంటుగారు సమితి జీపులో వెనకసీటు ఇస్తారు. కాబట్టి నా నిష్పాక్షికత మీద పాఠకులకు అనుమానం అక్కర్లేదు.

సంగతేమిటంటే, వైస్ ప్రెసిడెంటు అలమండ జగన్నాధంగారు ప్రెసిడెంటుగారి మీద అవిశ్వాస తీర్మానానికి నోటీసు ఇచ్చారు. రెండు వారాల తర్వాత సోమవారం ఆర్డీవోగారి సమక్షంలో చేతులెత్తి ఓటు. ఓడిపోతే నరసింగరావుగారికి కుర్చీ పోతుంది, కుర్చీతో పాటు జీపు పోతుంది. ఆయనకు సైకిలు తొక్కడం రాదు. మనిషి భారీ, ఈ వయసులో నేర్పేవాడు కూడా దొరకడు. జీపు పోతే గరివిడి స్టేషనుకి ఎలా వెళ్ళాలో తలుచుకుని ఆయన అన్నం సరిగ్గా తినడం లేదని వారి శ్రీమతి దాలమ్మగారు మా ఇంట్లో చెప్పి బాధపడ్డారు. నాకూ బాధేసింది. వెనకసీటు కూడా జీపులోనే ఉంటుంది కదా.

సమితి సభ్యులు మాత్రం నిలకడగల మనుషులు. పొద్దున్నే ప్రెసిడెంటుగారి అరుగు మీద నిలకడగా కూర్చుని ఉప్మా తినేవారు. సాయంత్రం జగన్నాధంగారి అరుగు మీద అంతే నిలకడగా పకోడీలు తినేవారు. ఎవరు ఎవరివారో తెలియక ప్రెసిడెంటుగారు తల పట్టుకున్నారు.

అలా తల పట్టుకుని కూర్చున్న పూటే బట్టలుతికే కూర్మయ్య మూటతో వచ్చాడు. ఊళ్ళో పెద్దిళ్ళ బట్టలన్నీ అతనే ఉతుకుతాడు. మూట విప్పి ఒక్కో పంచె అంచు చూస్తూ ఇస్తుంటే ప్రెసిడెంటుగారి చూపు ఒక అంచు మీద ఆగింది. మూడు నల్లచుక్కలు, కింద ఒక అడ్డగీత. పొట్నూరివారి గుర్తు.

"ఒరే కూర్మయ్యా, ఈ పంచె నిరుడు పోయిందనుకున్నాం కదరా."

"జగన్నాధం బాబుగారి మూటలో కలిసిపోనాది బాబూ. గుర్తు సూసి మల్లీ తెచ్చినాను. గుర్తుంటే ఎక్కడికి పోతాది?"

ప్రెసిడెంటుగారు పంచెను వెలుతురుకి పట్టి చూశారు. గొప్ప ఆలోచనలు వచ్చేటప్పుడు ఆయన ముక్కుపుటాలు కదులుతాయి. ఇప్పుడు కదిలాయి.

"ఈ గుర్తు దేనితో వేస్తావు?"

"నల్లజీడి గింజ బాబూ. సూది గుచ్చితే రసం వస్తాది. ఆ రసంతో సుక్కపెట్టి పైన సున్నం రాస్తాం. బట్ట సిరిగిపోతాది గానీ గుర్తు పోదు."

"మనిషికి వేస్తే?"

"మనిసికెందుకు బాబూ? మనిసిని ఎవరూ ఉతకరు కదా."

"వేస్తే ఏటవుతాది, అది సెప్పు."

"పొక్కుతాది. దురద. నాకే అప్పుడప్పుడు వేళ్ళు పొక్కుతాయి."

"పొక్కితే మరీ మంచిది," అన్నారు ప్రెసిడెంటుగారు. "లోపలికంటా అంటుకుంటాది."

పక్కనున్న బీడీవోగారు ఎలక్షన్ సిరా వాడితే గవర్నమెంటు ప్రొసీజరుకి దగ్గరగా ఉంటుందని సలహా ఇచ్చారు. సిరా నెల తిరగ్గానే పోతుంది, విశ్వాసం అలా పోకూడదని ప్రెసిడెంటుగారు ఆ సలహాను తోసిపుచ్చారు. ఇంత దూరదృష్టి ఉన్న నాయకుడు మన జిల్లాకి దొరకడం అదృష్టమని నేను పైకే అన్నాను.

మర్నాడు ప్రెసిడెంటుగారి రైసుమిల్లులో తలుపులు వేసి కార్యక్రమం జరిపారు. పులిహోర పెట్టారు. సభ్యులు ఒక్కొక్కరే వచ్చి కుడిచెయ్యి చాచడం, మోచేతికి కాస్త కింద కూర్మయ్య మూడు చుక్కలూ గీతా పెట్టడం, పైన సున్నం అద్దడం. అన్నం తినే చెయ్యి అబద్ధమాడదని కుడిచెయ్యే ఎంచుకున్నారు. నడిమివలస సభ్యుడు సూరయ్య మాత్రం చెయ్యి చాచి, ఆఖరి క్షణంలో వెనక్కి తీసుకున్నాడు.

"ఇది ఓటింగయ్యాక పోతాదా మావా?"

"సచ్చినా పోదు," అన్నారు ప్రెసిడెంటుగారు.

"అయితే మల్లీ ఎలక్షన్లకి ఇబ్బందే," అని సూరయ్య విచారంగా చెయ్యి చాచాడు.

మహిళా సభ్యురాలు శ్యామలాంబగారు గాజులు పైకి తోసుకుని కూర్చున్నారు. "నా పెళ్ళికే పచ్చబొట్టు వద్దన్నాను. మీకోసం పెట్టించుకుంటన్నాను బాబూ. మహిళా మండలి కుట్టుమిషన్ల సంగతి మర్సిపోకండి." ప్రెసిడెంటుగారు కళ్ళు తుడుచుకున్నారు. పులిహోరలో ఎండుమిరపకాయ ఎక్కువైన మాట కూడా నిజమే.

అంతా అయ్యాక ఆయన కూర్మయ్యను పక్కకు పిలిచి, ఈ సంగతి జగన్నాధంగారింట్లో పొక్కకూడదని హెచ్చరించారు.

"నానెందుకు సెప్తాను బాబూ," అన్నాడు కూర్మయ్య నొచ్చుకుని. "ఆలింటి సంగతి మీకెప్పుడైనా సెప్పినానా? మీ సంగతీ ఆలకి సెప్పను. ఏ ఇంటి మూట ఆ ఇంటిదే."

ఎంత నమ్మకస్తుడో అనుకున్నాం ప్రెసిడెంటుగారూ నేనూ.

రెండ్రోజులు తిరక్కుండానే సమితిలో చైతన్యం మొదలైంది. ముందు చేతులు ఎర్రబడ్డాయి. తర్వాత ఉబ్బాయి. తర్వాత చుక్కల చుట్టూ చిన్న చిన్న నీటిపొక్కులు లేచి, చిట్లి, రసి కారి, పక్కన మళ్ళీ లేచాయి. సభ్యులు గోడలకు రుద్దుకున్నారు. సూరయ్య దువ్వెనతో గోక్కుంటూ బజారులో నాకు కనిపించాడు. శ్యామలాంబగారు మహిళా మండలి సభలో మాట్లాడుతూ మధ్యలో ఆగి, బల్ల అంచుకి చెయ్యి రుద్దుకుని, మళ్ళీ దేశ ప్రగతి గురించి చెప్పారు. ఎవరూ కారణం చెప్పరు. చెబితే జీడిగుర్తు బయటపడుతుంది, గుర్తు బయటపడితే ఎవరు ఎవరివారో బయటపడుతుంది.

సమితి సభ్యులందరికీ ఒకేసారి దురద పుట్టిందంటే ప్రజలు ఊరుకోరు. వాళ్ళకీ పుట్టిస్తారేమోనని భయం. ప్రెసిడెంటుగారు వెంటనే విచారణ సంఘం వేశారు. అందులో ప్రైమరీ హెల్త్ సెంటరు డాక్టరు చంద్రశేఖరంగారు, బీడీవోగారు, వ్యవసాయ విస్తరణాధికారి, హెల్త్ ఇన్‌స్పెక్టరు గంగులు. అధ్యక్షత ప్రెసిడెంటుగారిదే. కారణం ఏమిటో బాగా తెలిసిన మనిషి అధ్యక్షుడుగా ఉంటే విచారణ దారి తప్పదు.

డాక్టరుగారు కృష్ణా జిల్లా మనిషి, కొత్తగా వచ్చారు. సూరయ్య చెయ్యి పట్టుకుని కళ్ళజోడు సరిచేసుకున్నారు.

"ఈ నల్లచుక్కలేమిటి?"

"పుట్టుమచ్చలు."

"అందరికీ ఒకేచోట ఉన్నాయే?"

"అందరం ఒకే సమితి కదండీ," అన్నాడు సూరయ్య.

"ఇది పైనుంచి ఏదో తగిలి వచ్చినట్టుంది. ఏదైనా ఆకుగానీ, పసరుగానీ, గింజగానీ ముట్టుకున్నారా?"

గదిలో ఉన్నవాళ్ళంతా సీలింగు ఫ్యాను వైపు చూశారు. ఫ్యాను తిరగడం లేదు కాబట్టి చూడ్డానికి వీలుగానే ఉంది.

"మా సబ్యులు ఏటీ ముట్టుకోరు డాక్టరుగారూ," అన్నారు ప్రెసిడెంటుగారు. "నీతిపరులు. మరో కారణం సూడండి."

హెల్త్ ఇన్‌స్పెక్టరు గంగులు గొంతు సవరించుకుని, పొక్కులు చూస్తే మశూచేమోనని అనుమానంగా ఉందన్నాడు. ప్రెసిడెంటుగారు అతని వైపు జాలిగా చూశారు. మశూచి ఈ సమితిలో లేదని ఏకగ్రీవ తీర్మానం ఉంది. తీర్మానాన్ని కాదని ఏ రోగమైనా ఎలా వస్తుంది? పోనీ ఆటలమ్మ అందామంటే, అమ్మవారు పోసినవాళ్ళు వేపమండలు కట్టుకుని ఇంట్లోనే పడుకోవాలి, సోమవారం ఓటుకి రాలేరు. అమ్మవారు జగన్నాధంగారి వర్గంలో చేరినట్టవుతుంది. కాబట్టి అదీ కాదు.

"గజ్జి అయ్యుండొచ్చా?" అన్నారు బీడీవోగారు మెల్లగా.

"గజ్జి ప్రజలకి వస్తాది," అన్నారు ప్రెసిడెంటుగారు. "ప్రజాప్రతినిధులకి ఎలాగొస్తాది?"

అప్పుడు గొంగళిపురుగుల ప్రస్తావన వచ్చింది. మునగచెట్ల మీద గొంగళ్ళు పడితే దద్దుర్లు రావడం అందరికీ తెలిసిందే. విస్తరణాధికారికి ముఖం ఎర్రబడింది. సమితిలోని గొంగళిపురుగులన్నిటినీ తమ శాఖ శ్రావణమాసంలోనే చంపేసిందని, చంపినట్టు కలెక్టరాఫీసుకి రిపోర్టు కూడా వెళ్ళిందని, ఇప్పుడు గొంగళి ఉందంటే కలెక్టరుగారిని అవమానించినట్టేనని ఆయన లేచి నిలబడి చెప్పారు. గొంగళిని వదిలేశారు. యూరియా వల్లనేమో అంటే కొత్త వరి పథకానికి దెబ్బ. వంకాయ వల్లనేమో అంటే బీడీవోగారింట్లో వంకాయతోట ఉంది. సమితి బావి నీళ్ళేమో అన్నాడు గంగులు, ఈమధ్యే ఆ బావిని ప్రారంభించింది ఎవరో మరిచిపోయి. అతన్ని బయటికి పంపి మంచినీళ్ళు తెమ్మన్నారు.

ఇలా దురదకు ఉండగల కారణాలన్నీ మా సమితిలో ఏనాడో నిర్మూలింపబడ్డాయని తేలింది. మిగిలింది దురద ఒక్కటే. పరిపాలన ఇంత పకడ్బందీగా ఉన్న సమితి రాష్ట్రంలో ఇంకోటి ఉంటుందని నేననుకోను.

డాక్టరుగారు చివరికి ఇంకో విచిత్రం కనిపెట్టారు. "ముందు కుడిచేతికి వచ్చింది. రెండ్రోజుల తర్వాత ఎడమచేతికి కూడా వచ్చింది. సరిగ్గా అదే చోట గోక్కుంటున్నారు. ఇలా దూకే దురద నేను పుస్తకాల్లో చదవలేదు."

సభ్యులందరూ చొక్కా చేతులు కిందికి లాక్కున్నారు. కుడిచెయ్యి చూపించారుగానీ ఎడమచెయ్యి మరీ రసి కారుతోందని, చూస్తే డాక్టరుగారికే అంటుకుంటుందని సూరయ్య అడ్డుపడ్డాడు.

"కుడి నుంచి ఎడమకి పాకింది డాక్టరుగారూ. అంతే."

ప్రెసిడెంటుగారి ముఖం వెలిగింది. నా చెవి దగ్గరికి వంగి, "సూసినావా పంతులూ, నేను కుడిచేతికే వేయించినాను. విశ్వాసం ఒళ్ళంతా పాకతన్నాది," అన్నారు. ఆయన ఆనందం చూసి నా కళ్ళు చెమర్చాయి.

విచారణ సంఘం ఏకగ్రీవంగా నివేదిక ఇచ్చింది. ప్రజలతో అదేపనిగా కరచాలనం చేయడం వల్ల, వారి కష్టాలు చేతుల్లోంచి ఎక్కి, ప్రతినిధుల చర్మం మీద పొక్కుల రూపంలో వ్యక్తమవుతున్నాయని, దీనికి కారణం ప్రజాసేవ తప్ప మరొకటి కాదని అందులో రాశారు. డాక్టరుగారు ఆ కాగితం మీద సంతకం పెట్టి, తన బదిలీ కోరుతూ ఇంకో కాగితం మీద కూడా పెట్టారు. ఆస్పత్రిలో ఉన్న కాలమైన్ లోషన్ అంతా సమితి సభ్యులకే సరిపోయింది. ఆ వారం సభ్యులు గులాబిరంగు చేతులతో ఊళ్ళో తిరుగుతుంటే చూడముచ్చటగా ఉండేది.

ఈలోగా మంత్రిగారు జగన్నాధంగారివైపు మొగ్గుతున్నారని ఒక పుకారు పుట్టింది. ప్రెసిడెంటుగారు నవ్వేశారు. అయినా శుక్రవారం సాయంత్రం జీపు వదిలేసి, ఒంటరిగా, నెత్తిన తువ్వాలు వేసుకుని ఎటో నడిచి వెళ్ళి చాలాసేపటికి వచ్చారు. ఎక్కడికని అడిగితే, నడక గుండెకు మంచిదన్నారు. ఆ రోజు నుంచి ఉక్కపోతలో కూడా పొడుగుచేతుల పట్టులాల్చీ వేసుకున్నారు. పెద్దమనిషి ఎప్పుడూ పెద్దమనిషిలాగే కనిపించాలి.

ఆదివారం ఆయన సభ్యులందరినీ బస్సులో అరసవల్లి తీసుకెళ్ళారు. చర్మరోగాలకు సూర్యనారాయణమూర్తిని మించిన డాక్టరు లేడు. పైగా అరసవల్లిలో ఉన్నవాళ్ళు అదే సమయంలో జగన్నాధంగారి అరుగు మీద ఉండలేరు. భక్తికి భక్తి, క్యాంపుకి క్యాంపు. సభ్యులు ప్రదక్షిణాలు చేశారు, ఒక చేత్తో ప్రసాదం తింటూ రెండో చేత్తో గోక్కున్నారు. శ్యామలాంబగారు దురద పోతే వెండి చెయ్యి చేయించి సమర్పిస్తానని మొక్కుకున్నారు.

"ఒక్కటేనా అమ్మా?" అన్నాడు సూరయ్య.

ఆవిడ కాస్త ఆలోచించి, "రెండు," అన్నారు.

గుడి బయట మాకు జగన్నాధంగారు ఎదురయ్యారు. ఆయన కూడా కుటుంబంతో దర్శనానికి వచ్చారు. మర్నాడు ఒకరి కుర్చీ ఒకరు లాక్కోబోతున్న ఇద్దరు నాయకులు నడివీధిలో ఎదురుపడితే ఏమవుతుందోనని నేను జేబులోంచి కలం తీశాను. జగన్నాధంగారు నవ్వుతూ వచ్చి ప్రెసిడెంటుగారిని కౌగిలించుకుని, ఎడమచేతి మీద ఆప్యాయంగా తట్టారు. ప్రెసిడెంటుగారి ముఖం వంకర తిరిగింది. రాజకీయ విభేదాలు స్నేహితులను ఎంత బాధపెడతాయో రాసుకున్నాను.

తిరిగి వస్తుంటే దారిలో ప్రెసిడెంటుగారు బీడీవోగారిని, వైస్ ప్రెసిడెంటుకి జీపు వాడుకునే హక్కు ఉంటుందా అని అడిగారు. ప్రెసిడెంటు టూరు మీద లేనప్పుడు వాడుకోవచ్చని బీడీవోగారు చెప్పారు. ప్రత్యర్థి సౌకర్యం గురించి కూడా ఆలోచించే నాయకుణ్ణి నేను ఆ రోజే చూశాను.

సోమవారం సమితి హాలు నిండిపోయింది. ఆర్డీవో అప్పలనరసింహంగారు రూల్సు పుస్తకం పక్కన పెట్టుకుని కూర్చున్నారు. మంచి ఖచ్చితమైన ఆఫీసరు, టీ తాగేముందు కూడా పుస్తకం చూస్తారని ప్రతీతి. ఆయనకు ఒక పక్క ప్రెసిడెంటుగారు, ఇంకో పక్క జగన్నాధంగారు.

"ముందుగా అవిశ్వాస తీర్మానాన్ని వ్యతిరేకించేవారు, అనగా ప్రెసిడెంటుగారిని సమర్థించేవారు, చేతులెత్తవలెను."

సభ్యులందరి కుడిచేతులూ ఒక్కసారి లేచాయి. చొక్కా చేతులు మోచేతుల దాకా జారాయి. ప్రతి చేతి మీదా మూడు చుక్కలు, కింద అడ్డగీత, చుట్టూ పొక్కులు. అంత ఐకమత్యం నేనెప్పుడూ చూడలేదు. ప్రెసిడెంటుగారు కుర్చీలో వెనక్కి వాలి, సీలింగు ఫ్యాను వైపు చూస్తూ, ఇంట్లో దాలమ్మగారికి జీపు ఉంటుందని కబురు పంపమని నాకు సైగ చేశారు. జగన్నాధంగారు మాత్రం చెయ్యెత్తలేదు. తీరిగ్గా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

హాలు చప్పట్లతో మారుమోగింది. ప్రెసిడెంటుగారు ధన్యవాదాలు చెప్పడానికి లేచారు. ఆర్డీవోగారు కూర్చోమన్నారు.

"రూల్సు ప్రకారం రెండోవైపు కూడా లెక్కపెట్టవలెను. తీర్మానాన్ని బలపరిచేవారు, అనగా ప్రెసిడెంటుగారిని దించదలచినవారు."

సభ్యులందరి ఎడమచేతులూ లేచాయి.

ఈసారి చప్పట్లు రాలేదు. చొక్కా చేతులు మళ్ళీ జారాయి. ప్రతి ఎడమచేతి మీదా ఒక గుండ్రం, మధ్యలో చుక్క, చుట్టూ పొక్కులు. ఆ గుర్తు మా ఊళ్ళో అందరికీ తెలుసు. జగన్నాధంగారి పెరట్లో తీగమీద ఆరేసిన ప్రతి పంచె అంచునా ఉంటుంది. శ్యామలాంబగారు గాజులతో కప్పుకోబోయి, గాజులు కూడా జారిపోవడంతో మానుకున్నారు. ఎత్తిన చెయ్యికి కాస్త గాలి తగిలి సుఖంగా ఉందో ఏమో, సూరయ్య కళ్ళు మూసుకున్నాడు. గుమ్మం దగ్గర మూటతో నిలబడ్డ కూర్మయ్య తన పనితనాన్ని అటూ ఇటూ చూసుకుని తృప్తిగా తలూపాడు.

డాక్టరుగారు లేచి నిలబడి ఏదో అనబోయి, బదిలీ ఉత్తర్వులు ఇంకా రాలేదని గుర్తొచ్చి కూర్చున్నారు.

ఆర్డీవోగారు ఒకసారి లెక్కపెట్టారు. కళ్ళు నులుముకుని మళ్ళీ లెక్కపెట్టారు. సభ్యులందరివీ, జగన్నాధంగారిదీ కలిపినా ఒక చెయ్యి ఎక్కువ వస్తోంది. ఎక్కడినుంచి వచ్చిందా అని హాలంతా వెతికారు. చివరికి ఆ చెయ్యి తన పక్కనే కనిపించింది.

పట్టులాల్చీ చెయ్యి మోచేతి దాకా మెల్లగా జారింది. గుండ్రం, మధ్యలో చుక్క. మిగతావాళ్ళ పొక్కులు ఎండుతున్నాయి. ఇవి ఇంకా లేతగా, నీళ్ళు నిండి మెరుస్తున్నాయి.

"అయ్యా," అన్నారు ఆర్డీవోగారు గొంతు తగ్గించి. "తమరు గోక్కుంటున్నారా, ఓటేస్తున్నారా?"

ప్రెసిడెంటుగారు హాల్లో లేచిన చేతులన్నిటినీ ఒకసారి చూశారు. తర్వాత జగన్నాధంగారిని చూశారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చిన్నగా తలూపారు.

"జగన్నాధం బావ పైకెల్తే, రూల్సు పెకారం వైస్ ప్రెసిడెంటు పోస్టు ఖాళీయే కదండీ," అన్నారు ప్రెసిడెంటుగారు. చెయ్యి మాత్రం దించలేదు.